యేసు సృష్టించబడ్డాడా? ఇంటికొచ్చిన వాళ్లతో ఇలా మాట్లాడండి

మా చిలకలగూడ వీధికి యెహోవాసాక్షులు వస్తే నేను కుర్చీ వేసి కూర్చోబెడతాను. యేసును దేవుడు సృష్టించాడని వాళ్లు బోధిస్తారు. మీరూ తలుపు వేయకండి. ముందు వాళ్లని చెప్పనివ్వండి. యోహాను 14:28 చూపిస్తారు: "తండ్రి నాకంటె గొప్పవాడు". బలమైన వచనమే, దాటేయొద్దు. యేసు దాసుని రూపంలో ఉండి అన్నమాట అది అని ఫిలిప్పీయులకు 2వ అధ్యాయం తీసి చూపించండి.

తర్వాత యోహాను 1:3 వాళ్లచేతే చదివించండి. కలిగినదేదీ ఆయన లేకుండా కలగలేదు. మరి ఆయనా కలిగినవాడే ఎలా అవుతాడని అడిగి, ఆగండి. తొందరపెట్టొద్దు. తిరిగి లేచిన యేసును చూసి శిష్యుడు తోమా "నా ప్రభువా, నా దేవా" అన్నప్పుడు యేసు వారించలేదు. నాకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఇదే.

యేసు సృష్టించబడ్డాడని పూర్వం బోధించిన అరియస్, ఆ బోధను తోసిపుచ్చిన 325 నాటి నీకయ సభ సంగతి అడిగితేనే ఎత్తండి. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడని చెప్పడానికి నీళ్లు, మంచు, ఆవిరి పోలిక మాత్రం వద్దు. ఒకే దేవుడు మూడు వేషాలు వేసినట్టవుతుంది. సంఘం దాన్నీ ఎప్పుడో తోసిపుచ్చింది.