1823 డెమెరారా తిరుగుబాటును విశాఖలో బృందంగా చదవడం ఎలా

విశాఖపట్నంలో చరిత్ర బోధించే అధ్యాపకులను, పౌర గ్రంథాలయం వంటి చోట కలిసి చదువుకునే చిన్న బృందాలను దృష్టిలో ఉంచుకుని ఈ పద్ధతిని సూచిస్తున్నాను. బానిసల తిరుగుబాటు అనగానే చాలామందికి హైతీ గుర్తుకు వస్తుంది. అయితే అది పదమూడేళ్లపాటు సాగిన మహా ఘట్టం కనుక ఒక్క సాయంత్రంలో ఇమడదు. దక్షిణ అమెరికాలోని నేటి గయానాలో భాగమైన, అప్పటి బ్రిటిష్ వలస డెమెరారాలో 1823 ఆగస్టు 18న మొదలైన తిరుగుబాటు ప్రధానంగా రెండు మూడు రోజుల్లోనే అణచివేతకు గురైంది. దాని మీద నడిచిన విచారణల పత్రాలు మాత్రం పుష్కలంగా అచ్చయ్యాయి.

ముందుగా అట్లాంటిక్ తీరపు పటాన్ని గోడకు తగిలించి, జార్జ్‌టౌన్‌కు తూర్పున సముద్రం వెంబడి వరుసగా ఉన్న తోటలను గుర్తించండి. వాటిలో సక్సెస్ అనే తోట లివర్‌పూల్ వర్తకుడు జాన్ గ్లాడ్‌స్టన్‌ది. తిరుగుబాటును నడిపించిన, పీపాలు చేసే జాక్, అతని తండ్రి వడ్రంగి క్వామినా ఆ తోట బానిసలే. పక్కనున్న లె రెజువెనిర్ తోటలోని బెతెల్ ప్రార్థనాలయంలో లండన్ మిషనరీ సొసైటీ పంపిన జాన్ స్మిత్ బోధకుడు కాగా, క్వామినా అక్కడ సంఘ పెద్ద. ఇదే సొసైటీ పంపిన క్రాన్, డెగ్రాంజ్ 1805లో విశాఖకు వచ్చి తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదానికి పూనుకున్నారన్న సంగతిని ఇక్కడ ఒక్క మాటలో చెప్పి ముందుకు సాగవచ్చు. దానిమీద చర్చ మొదలైతే డెమెరారా పక్కకు పోతుంది.

తరువాత కారణాన్ని వివరించండి. పొలంలో కొరడా పట్టరాదని, స్త్రీలను కొరడాతో కొట్టరాదని లండన్ ప్రభుత్వం 1823లో వలసలకు సూచనలు పంపింది. డెమెరారా పాలకులు వాటిని వెంటనే ప్రకటించలేదు. రాజుగారు తమకు విముక్తి ఇచ్చారని, దొరలు దానిని దాచిపెట్టారని బానిసల్లో మాట పాకింది. ఈ మాటను అజ్ఞానపు పుకారుగా కొట్టిపారేసే విద్యార్థి ప్రతి తరగతిలోనూ ఉంటాడు. నిజంగానే ఒక ఉత్తర్వు వచ్చిందని, నిజంగానే దానిని తొక్కిపెట్టారని అతనికి తేదీల వరుసతో చూపించాలి.

అసలు పని పత్రాల దగ్గర మొదలవుతుంది. బృందాన్ని రెండుగా విడదీసి, ఒకరికి గవర్నర్ ముర్రే లేఖను, మరొకరికి సేనాని లీహీ సాక్ష్యాన్ని ఇవ్వండి. మొదటి రాత్రి తనకు ఎదురైన తిరుగుబాటుదారులు కొరడా సంస్కరణలతో తృప్తి పడలేదని, తమదీ తెల్లవారిదీ ఒకటే రక్తమాంసాలని, ఇకపై బానిసలుగా పని చేయబోమని అన్నట్లు ముర్రే రాశాడు. ఆగస్టు 20న బ్యాచిలర్స్ అడ్వెంచర్ తోట వద్ద దాదాపు రెండు వేలమందిని ఎదుర్కొన్న లీహీ, వారు భూమిని, ఆదివారం కాక వారానికి మూడు రోజులను తమకు అడిగారని చెప్పాడు. ఈ రెండింటిలో ఏది నిజమని అడగవద్దు. ఎవరు, ఎవరి ముందు, ఏ అవసరంతో చెప్పారని అడగండి. లీహీ ఆ గుంపుపై కాల్పులు జరిపించినవాడు. కనుక ఆ మాటలు అతని సొంత సమర్థనలో భాగం కూడా.

ఇదే ప్రశ్నను జాక్ వాంగ్మూలానికి మరింత పదునుగా వేయాలి. తిరుగుబాటు నేరంలో బోధకుడు స్మిత్‌కు భాగముందని చెప్పే ఆ పత్రాన్ని ఇతరులు రాసిపెట్టారు. జాక్‌ను ఉరితీయకుండా సెయింట్ లూసియాకు పంపించివేశారు. క్వామినాకు వాంగ్మూలమే లేదు. సెప్టెంబరు 16న అతన్ని కాల్చి చంపి, శవాన్ని సక్సెస్ తోట ముందు గొలుసులతో వేలాడదీశారు. స్మిత్ స్వయంగా రాసుకున్న దినచర్యనే సైనిక న్యాయస్థానం అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చేసింది. మరణశిక్ష పడిన స్మిత్ 1824 ఫిబ్రవరి 6న చెరసాలలోనే క్షయతో చనిపోయాడు.

మృతుల లెక్కలు తెచ్చేటప్పుడు ఒక వాస్తవాన్ని విడిచిపెట్టరాదు. తిరుగుబాటుదారులు పట్టుకున్న తెల్లవారిలో అనేకులను చంపకుండా, తమను శిక్షించడానికి వాడిన బొండకొయ్యల్లోనే (కాళ్లు బంధించే కొయ్య చట్రాల్లోనే) బిగించి ఉంచారు. వారి చేతుల్లో చనిపోయిన తెల్లవారు ఇద్దరు ముగ్గురు మాత్రమే కాగా, మరణించిన బానిసలు వందల్లో ఉన్నారు.

విశాఖ మన్యంలో 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్‌పై అల్లూరి సీతారామరాజు దళం చేసిన దాడిని ఎవరో ఒకరు తప్పక ప్రస్తావిస్తారు. రోడ్ల పనుల్లో మన్యంవారిచేత చేయించిన వెట్టిని పోల్చడం సబబే. అయితే డెమెరారాలో మనిషే చట్టరీత్యా ఆస్తి. బానిసల విముక్తి సమయంలో బ్రిటన్ యజమానులకు పరిహారంగా కేటాయించిన రెండు కోట్ల పౌండ్లలో లక్షకు పైగా గ్లాడ్‌స్టన్‌కు ముట్టాయి. ఈ తేడాను బోర్డు మీద రాసి ఉంచండి.

ఇదే గ్లాడ్‌స్టన్ తోటలకు 1838 మేలో కలకత్తా నుండి భారతీయ కూలీలు ఓడల్లో చేరారు. ఉత్తరాంధ్ర నుండి నాటల్‌కు, ఫిజీకి వెళ్లినవారి కుటుంబ జ్ఞాపకాలు బృందంలో బయటపడే సందర్భం కూడా ఇదే. వాటికి వేరే సమావేశం పెట్టండి; ఆ పత్రాలు వేరు, వాటికి వేయవలసిన ప్రశ్నలూ వేరు.