విదేశీ ప్రయాణం, పత్రాల పని – 4వ పాఠం: ఈటీఏ పోయిందా?

పోయిన పాఠంలో పాస్‌పోర్ట్ గడువు లెక్క చూశాం. ఇప్పుడు ఇంకో కంగారు: రేపోమాపో విమానం, ఈటీఏ (వీసా అక్కర్లేని ప్రయాణికులు ముందే ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి) చూస్తే ఎక్కడా కనిపించదు. వెంటనే మళ్లీ డబ్బు కట్టేయకండి. పోయింది కాయితమా, అనుమతేనా అన్నది ముందు తేల్చుకోవాలి.

అమెరికా ఈస్టా (అక్కడి అనుమతికి పేరు అది), కెనడా ఈటీఏ, బ్రిటన్ ఈటీఏ ఏవీ పాస్‌పోర్ట్‌లో అంటించేవి కావు. ఆ దేశపు కంప్యూటర్లో మీ పాస్‌పోర్ట్ నంబరు మీద ఉండే నమోదులు, అంతే. చెక్-ఇన్‌లో పాస్‌పోర్ట్ వివరాలు ఎక్కించగానే అనుమతి ఉందో లేదో విమాన సంస్థకు తెలిసిపోతుంది. కాబట్టి మెయిల్ డిలీట్ అయినా, ఫోన్ పోయినా ఈటీఏకి ఏమీ కాదు. స్పామ్‌లో కూడా వెతికి, దొరక్కపోతే అధికారిక సైట్‌లో స్టేటస్ చూసుకోండి. ఈస్టా అయితే అప్లికేషన్ నంబరు లేకపోయినా పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ వివరాలతో బయటికి తీయొచ్చు. గూగుల్‌లో పైన కనిపించే ప్రకటనలు నొక్కకండి. వాటిలో చాలావరకు అదనంగా రుసుము గుంజే ఏజెంట్లవే.

అసలు నష్టం పాస్‌పోర్ట్ మారినప్పుడు. పాతది పోయిందనో, గడువు తీరిందనో కొత్తది తీసుకున్నారనుకోండి, నంబరు మారింది కనుక పాత అనుమతి దానికి పనికిరాదు. ఈస్టాకు 2 ఏళ్లు, కెనడాకు 5 ఏళ్లు అంటారు గానీ, ఆలోపే పాస్‌పోర్ట్ గడువు తీరితే అనుమతీ దాంతోనే పోతుంది. ఈస్టాలో పాత నంబరు తీసి కొత్తది వేసే వీలు లేదు, కొత్తగా అప్లై చేయాల్సిందే. ‘ఇంకా ఏడాది ఉందిగా’ అనే ధీమా ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

మూడో రకం ఇంకా చికాకైనది. మెయిల్ ఉంటుంది, అనుమతి వచ్చినట్టే ఉంటుంది, కౌంటర్లో మాత్రం లేదంటారు. నంబరు తప్పు కొట్టి ఉంటారు. ఫోటో ఉన్న పేజీ అడుగున 44 అక్షరాల చొప్పున రెండు వరుసలు ఉంటాయి చూడండి. రెండో వరుసలో మొదటి 9 స్థానాలు పాస్‌పోర్ట్ నంబరువి. నంబరు చిన్నదైతే మిగిలిన చోటును కోణం గుర్తుతో (<) నింపుతారు. పదోది తనిఖీ అంకె, అది నంబరులో భాగం కాదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఇచ్చిన నమూనాలో నంబరు ‘ఎల్898902సీ3’, దాని పక్కన 6. ఆ 6ని కూడా కలిపి కొడితే నమోదు వేరే నంబరు మీద పడుతుంది. ‘ఓ’ అక్షరానికీ సున్నాకీ, ‘ఐ’కీ ఒకటికీ తికమక పడినా అంతే. అందుకే నంబరును అడుగు వరుస నుంచి కాదు, పేజీ పైభాగంలో అచ్చయిన చోటు నుంచి చూసి కొట్టి, అడుగు వరుసతో సరిపోల్చుకోండి.

కొత్తగా అప్లై చేయాల్సి వస్తే ఎంత టైమ్ పడుతుంది? కెనడాది చాలామందికి నిమిషాల్లో వచ్చేస్తుంది, కొందరికి రోజులు పడుతుంది. బ్రిటన్‌ది మామూలుగా 3 పనిదినాల్లోపు. ఈస్టాకు కనీసం 72 గంటల ముందు పెట్టుకోమని అమెరికా అధికారులే చెబుతారు. విమానం ఈ రాత్రికే అయితే అప్లికేషన్ పెట్టేసి, అదే ఊపులో విమాన సంస్థకు ఫోన్ చేసి టికెట్ తేదీ మార్చుకోవడానికి ఎంతవుతుందో కనుక్కోండి. ‘వచ్చేస్తుందిలే’ అనుకుని ఎయిర్‌పోర్ట్‌లో కూర్చోవడం నాకు నచ్చని జూదం.

అభ్యాసం: మీ పాస్‌పోర్ట్ తెరిచి అడుగున రెండో వరుసలో నంబరు ఎక్కడ ముగిసిందో, తనిఖీ అంకె ఏదో గుర్తించండి. తర్వాత ఈటీఏ స్టేటస్ పేజీలో కనిపించే నంబరును ఒక్కో అక్షరమే పలుకుతూ దీంతో సరిచూడండి. వచ్చే పాఠం: ఈటీఏ తిరస్కరిస్తే వీసాకు ఎలా వెళ్లాలి.