దెయ్యాన్ని తీసేశాకే కథ భయపెట్టింది

పగలంతా ఆఫీసు లెక్కలు, రాత్రి పది దాటాక దెయ్యాల కథలు. ఈసారి రాసింది మాత్రం తేలిపోయింది. "రెండో పేజీలోనే దెయ్యం కనబడిపోయిందిగా, ఇంక భయం దేనికి?" అంది మా ఆవిడ. నిజమే. మూడు రాత్రులు కుస్తీ పట్టాక చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. 1990ల్లో మా వీధిలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసి ఉండేది. అర్ధరాత్రి ఓ ఆడదెయ్యం తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుందని, పలికితే అంతేనని, ఆ రాత చూస్తే మాత్రం వెనక్కి పోతుందని పుకారు. మా నాయనమ్మ రోజూ చీకటి పడకముందే సుద్దముక్కతో ఆ అక్షరాలు దిద్దేది. రక్తం, కేకల కన్నా ఇలా రోజూ చూసే తలుపే ఎక్కువ భయపెడుతుందని నా నమ్మకం. అందుకే దెయ్యాన్ని మొత్తం కొట్టేశాను. కథలో వాన జల్లుకి 'రేపు' ఒక్కటే చెరిగిపోతుంది. అక్కడే ఆపేశాను. అది చదివి మా ఆవిడ లేచి, వీధి తలుపు గడియ చూసొచ్చింది.