స్క్రోల్ సా బ్లేడు మాటిమాటికీ తెగుతోందా? ముందు క్లాంపు చూడండి

స్క్రోల్ సాతో, అంటే సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ వంపులు కోసే యంత్రంతో, పూజ మందిరానికి జాలీ, నేమ్ బోర్డుకి అక్షరాలు కోస్తుంటే బ్లేడు తెగుతుంది. వెంటనే చాలామంది బ్లేడు బిగువు పెంచే టెన్షన్ నాబ్ ఇంకో చుట్టు బిగించి కొత్త బ్లేడు వేస్తారు. అదీ తెగుతుంది. నాబ్ ముట్టుకునే ముందు బ్లేడు ఎక్కడ తెగిందో చూడండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఏది విప్పాలన్నా ముందు ప్లగ్ తీసేయండి.

మధ్యలో తెగుతోంది
చెక్కను బలంగా నెడుతున్నారు, లేదంటే పళ్లు అరిగిన బ్లేడుతోనే నెట్టుకొస్తున్నారు. కోసిన అంచు నల్లబడి మాడు వాసన వస్తే ఆ బ్లేడు తీసేయాల్సిందే. ముప్పావు అంగుళం టేకుకి 2వ నంబరు సన్న బ్లేడు చాలదు, మందమైన 7 గానీ 9 గానీ వేయండి.

క్లాంపు దగ్గర తెగుతోంది
టెన్షన్ ఎక్కువైంది, లేదా బ్లేడు చివరల్ని పట్టుకునే పై క్లాంపు, కింది క్లాంపు ఒకే వరసలో లేక బ్లేడు మెలిపడుతోంది. బ్లేడును ఎదురుగా నిలబడి చూస్తే మెలిక కనిపిస్తుంది. విప్పి, రెండు చివరలూ తిన్నగా కూర్చోబెట్టి మళ్లీ బిగించండి.

క్లాంపులోంచి జారిపోతోంది
నా లెక్కన ఎక్కువ బ్లేడుల్ని పాడుచేసేది ఇదే. కొత్త బ్లేడుకి సన్నటి నూనె పొర ఉంటుంది. రెండు చివరలూ స్పిరిట్‌తో తుడిచి, 220 ఎమరీ కాగితంతో ఒకసారి రుద్దండి. క్లాంపు లోపలి ముఖం కూడా తుడవండి.

అయినా జారితే క్లాంపులో బ్లేడును నొక్కిపట్టే స్క్రూ పూర్తిగా విప్పి దాని కొన చూడండి. కొన నున్నగా మెరుస్తూ అంచులు బయటికి ఒరిగి ఉంటే అది పట్టు ఇవ్వదు. ఆకురాయితో కొన సమం చేస్తే కొన్నాళ్లు నడుస్తుంది, కొత్తది వేయడమే మేలు. మర అరిగితే మాత్రం మార్చక తప్పదు. దయచేసి కటింగ్ ప్లేయరుతో బిగించకండి. క్లాంపు మెత్తటి లోహం, లోపలి మర పోయిందంటే క్లాంపు మొత్తం కొనాలి.

మన దగ్గర ఇంకో గొడవ తుప్పు. కావలి, మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలి ఎలాగూ ఉంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ దానికి తోడు. విప్పిన ప్యాకెట్లో ఉన్న బ్లేడు తుప్పుపట్టి పెళుసవుతుంది. మూత గట్టిగా ఉండే డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పాటు పెట్టండి.

కోత వంకరపోతోంది, అంచు ఉబ్బుతోంది
టెన్షన్ తక్కువ. టెన్షన్ లివరు వదులు చేసి, కింది క్లాంపు, తర్వాత పైది బిగించి, లివరు వేయండి. నాబ్ పావు చుట్టు చొప్పున తిప్పుతూ బ్లేడును వేలితో మీటండి. మందమైన చప్పుడు పోయి వీణ తీగలా సన్నగా మోగాలి. పక్కకి వేలితో నొక్కితే 3 మిల్లీమీటర్లకు మించి వంగకూడదు. ఇది సరిగా ఉన్నా అంచు ఏటవాలుగా వస్తే టేబుల్ తప్పు, మూలమట్టం పెట్టి 90 డిగ్రీలకు సరిచేయండి. కోత ఎప్పుడూ కొంచెం ఒక పక్కకే లాగడం మాత్రం లోపం కాదు. చాలా బ్లేడులకు ఒక అంచున గరుకు ఉంటుంది, చెక్కను కాస్త తిప్పి పట్టుకుంటే సరిపోతుంది.

టెన్షన్ నిలవడం లేదు
నాబ్ మీద, క్లాంపు అంచు దగ్గర బ్లేడు మీద మార్కరుతో గీతలు పెట్టి పది నిమిషాలు కోయండి. నాబ్ గీత జరిగితే టెన్షన్ రాడ్ మర అరిగింది. బ్లేడు గీత క్లాంపు బయటికి వస్తే జారుతోంది. రెండూ కదలకుండానే బ్లేడు వదులైతే లివరు కింద ఉన్న క్యామ్ (లివరు వేస్తే బ్లేడును బిగించి పట్టే ముక్క) అరిగి ఉంటుంది. వారంటీ ఉంటే మీరు విప్పకండి, డీలరుకే ఇవ్వండి.

టకటక చప్పుడు
ముందు బల్ల బోల్టులు బిగించండి. తగ్గకపోతే, ప్లగ్ తీసి, యంత్రం పై ఆర్మ్ (బ్లేడును మోసే పొడవాటి కమ్మి) పట్టుకుని పైకీ కిందికీ ఆడించండి. లూజు తగిలితే అది తిరిగే చోట ఉండే బుష్ గానీ బేరింగు గానీ పోయింది. బేరింగు పక్కన నంబరు ఉంటుంది. పాతది చేతిలో పెట్టుకుని నెల్లూరులోనో ఒంగోలులోనో బేరింగుల షాపుకి వెళ్తే అదే నంబరు అడగొచ్చు. రెండు వైపులవీ ఒకేసారి మార్చండి.