దాళ్వాకు, సార్వాకు నడుమ పచ్చిరొట్టగా పిల్లిపెసర

గోదావరి డెల్టాలో దాళ్వా (రబీ) వరి కోతలు ముగిసి కాలువలు కట్టేసిన తరువాత, సార్వా (ఖరీఫ్) కోసం ధవళేశ్వరం ఆనకట్ట నుండి మళ్లీ నీరు వదిలే వరకు చాలా చేలు ఖాళీగా ఎండుతాయి. పిల్లిపెసర పచ్చిరొట్ట పైరు, అంటే పచ్చిగా ఉండగానే దున్ని నేలలో ఎరువుగా కలిపే పప్పుజాతి పైరు. విత్తిన 45-50 రోజులకే పూతకు వస్తుంది గనుక దానికి ఆ వ్యవధి చక్కగా సరిపోతుంది.

ఈ పైరులో అన్నిటికంటే ముఖ్యమైనది విత్తే అదను. మన నల్లరేగడి ఒకసారి నెర్రెలిచ్చిందంటే చల్లిన గింజలో సగం పగుళ్లలో పడిపోతుంది, మిగిలింది పదును లేక మొలవదు. కాబట్టి మినుము చల్లినట్లే, కోతకు రెండు మూడు రోజుల ముందు, కాలికి తడి తగులుతున్నప్పుడే ఎకరాకు 6-8 కిలోల గింజను వరిచేలో సమంగా వెదజల్లాలి. యంత్రంతో కోయించేవారు చక్రాల కింద మొలకలు నలిగిపోకుండా కోత అయిన వెంటనే చల్లి, పైపైన దున్నించడం మేలు. గడ్డి కుప్పలుగా పడినచోట మొలక రాదు గనుక దానిని పలుచగా పరచాలే గాని తగలబెట్టకూడదు.

నీరు నిలిచే పల్లపు చేలకు, సముద్రతీరపు చౌడు నేలలకు పిల్లిపెసర తగదు. అక్కడ మరో పచ్చిరొట్ట పైరైన జీలుగ వేసుకోవడమే తెలివైన పని. మెరక చేను, ఇంట్లో పాడి ఉన్న రైతుకు మాత్రం నేను పిల్లిపెసరనే సూచిస్తాను, ఎందుకంటే ఒక కోత మేతకు తీసుకుని, తిరిగి చిగిర్చిన పైరును దున్నుకోవచ్చు. పచ్చిమేతను ఎండుగడ్డితో కలిపి వేయాలి, లేకపోతే గేదెలకు కడుపుబ్బరం వస్తుంది. వేసవిలో పశువులను చేలల్లోకి వదిలేసే ఊళ్లలో ఇరుగుపొరుగు రైతులతో ముందే మాట్లాడుకోవాలి.

విత్తేటప్పుడు కొద్దిగా సూపర్ ఫాస్ఫేట్ వేస్తే వేరుబుడిపెలు బాగా కడతాయి. ఒక మొక్కను పెకలించి బుడిపెను చిదిమినప్పుడు లోపల గులాబీ రంగు కనిపిస్తే, అది గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తున్నట్లే.

చేలో సగం మొక్కలు పూతకు రాగానే దున్నాలి. ఆలస్యమైతే కాడ ముదిరి త్వరగా చివకదు. కాలువ నీరు రాగానే పలుచగా నీరు పెట్టి, తీగ చుట్టుకోకుండా రోటవేటరుతో కలియదున్ని, పది పదిహేను రోజులు మురగనిచ్చిన తరువాతే నాట్లు వేయాలి. తొందరపడి నాటితే కుళ్లుతున్న రొట్ట నుండి వెలువడే ఆమ్లాలకు, వాయువులకు నారు పసుపు రంగుకు తిరిగి, వేరు నల్లబడుతుంది. రొట్ట దండిగా కలిసిన చేలో సార్వా వరికి వేసే నత్రజనిని పావు వంతు వరకు తగ్గించి, మిగతా యూరియాను ఆకు రంగు చూసుకుంటూ దఫాలుగా వేసుకోవచ్చు.