కండరం కోలుకునే వేగాన్ని ఫాస్ఫరస్ స్పెక్ట్రంలో కొలవడం

వ్యాయామం చేసేటప్పుడు కండరం తనలో నిల్వ ఉన్న శక్తి పదార్థం ఫాస్ఫోక్రియాటిన్‌ను ఖర్చు చేసి, కణాలు నేరుగా వాడుకునే ఇంధనమైన ఏటీపీని నిలబెట్టుకుంటుంది. పని ఆగగానే ఆ నిల్వను కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా తిరిగి నింపుతాయి. ఎమ్మారై స్కానర్‌లో తీసే ఫాస్ఫరస్ స్పెక్ట్రంతో (ఫాస్ఫరస్ ఉన్న పదార్థాల సంకేతాలను శిఖరాలుగా చూపే గీతతో) ఆ నింపే వేగాన్ని సూది గుచ్చకుండా కొలవవచ్చు కాబట్టే ఈ పద్ధతంటే నాకింత ఇష్టం.

స్కానర్ ఫాస్ఫరస్-31 సంకేతాన్ని అందుకోగలగాలి. 3 టెస్లాల అయస్కాంత క్షేత్రం వద్ద ఆ సంకేతం పౌనఃపున్యం సుమారు 51.7 మెగాహెర్ట్జ్, అంటే మామూలు స్కాన్లకు వాడే ప్రోటాన్ కాయిల్ (సంకేతాన్ని అందుకునే తీగచుట్ట) పనికిరాదు. ఫాస్ఫరస్ కాయిల్‌ను పిక్క కింద పెట్టి, తొడను, మోకాలిని పట్టీలతో గట్టిగా బిగిస్తాను. ఇక్కడ ఎంత ఓపిక పట్టినా తక్కువే. పెడల్‌లో ఇనుము ఉండకూడదు. మోకాలు చాచి ఉంచితే పైనున్న పిక్క కండరం బాగా పనిచేస్తుంది.

విశ్రాంతిలో రెండు నిమిషాలు సంకేతం తీసుకుని పెడల్ తొక్కించండి. తెరమీద ఫాస్ఫోక్రియాటిన్ శిఖరం తగ్గుతూ, దాని ఎడమ పక్కన అకర్బన ఫాస్ఫేట్ శిఖరం పెరుగుతుంది. ఏటీపీ శిఖరాలు దాదాపు కదలవు. అవి కూడా కలిసి కుంగితే ఖర్చయింది శక్తి కాదు, కాలు కాయిల్ మీంచి జరిగిందన్నమాట. అక్కడే ఆపి మళ్లీ సర్దండి.

ఫాస్ఫోక్రియాటిన్ మూడో వంతు నుంచి సగం వరకు తగ్గితే చాలు. మరీ తక్కువ తగ్గితే వక్రరేఖ రొదలో కలిసిపోతుంది. మరీ ఎక్కువ శ్రమపెడితే కండరం ఆమ్లమయమవుతుంది, అప్పుడు మైటోకాండ్రియా బాగున్నా కోలుకోవడం నెమ్మదిస్తుంది. పీహెచ్‌ను ఫాస్ఫోక్రియాటిన్, ఫాస్ఫేట్ శిఖరాల మధ్య దూరమే చెబుతుంది: విశ్రాంతిలో దాదాపు 4.9 పీపీఎం (స్పెక్ట్రంలో దూరాన్ని కొలిచే ప్రమాణం). అది 4.5కు చేరిందంటే పీహెచ్ 6.8 కంటే దిగినట్టే. ఆ కొలతను నేను లెక్కలోకి తీసుకోను. ఫాస్ఫేట్ శిఖరం రెండుగా చీలితే కండర భాగాలు సమానంగా పనిచేయలేదని అర్థం.

'ఆపండి' అన్న క్షణంలో రికార్డింగ్ ఆగకూడదు. తొలి అర నిమిషమే అసలు సమాచారం. రెండు మూడు సెకన్లకొక స్పెక్ట్రం చొప్పున ఐదు నిమిషాలు కొనసాగించండి.

తర్వాత ఫాస్ఫోక్రియాటిన్ తిరిగి పెరిగిన తీరుకు ఘాతీయ వక్రరేఖను (మొదట వేగంగా, పోనుపోను నెమ్మదిగా పెరిగేదాన్ని) సరిపోల్చండి. లోటులో 63 శాతం పూడటానికి పట్టిన సమయమే కాలస్థిరాంకం. ఆరోగ్యవంతులైన యువతలో అది అర నిమిషం చుట్టూ ఉంటుంది. చివరి స్థాయిని విశ్రాంతి విలువకు కట్టేయకండి, దాన్నీ గణనకే వదలండి. అది కొన్నిసార్లు విశ్రాంతి విలువను దాటిపోతుంది.

రెండోసారి చేయాలంటే ఫాస్ఫోక్రియాటిన్‌తోపాటు పీహెచ్ కూడా మొదటి స్థాయికి వచ్చేదాకా ఆగండి.