రూబీ స్టార్మ్ ఆడాలంటే ముందు లెక్క రావాలి

మా అనంతపురంలో మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడేవాళ్ళం పట్టుమని పది మందిమి కూడా లేము. ఆదివారం ఎండ తగ్గాక ఎవరో ఒకరి మిద్దె మీద చాప వేసుకుని ఆడుకుంటాం, నిజమైన టోర్నమెంట్ కావాలంటే బెంగళూరు రైలు ఎక్కాల్సిందే. ఈ మధ్య చేరిన ఇద్దరు తమ్ముళ్ళు కాంబో డెక్ ఎట్లా ఆడాలన్నా అని పట్టుబట్టారు. నోటితో చెప్తే సగం చెవిలోంచి జారిపోయే విషయం ఇది, అందుకే రాసిపెడుతున్నాను. 2024 జూన్‌లో మోడర్న్ హొరైజన్స్ 3 అనే కార్డుల సెట్ వచ్చినప్పటి నుంచి నేను చేతిలోంచి దించని డెక్ రూబీ స్టార్మ్, కాబట్టి దాంతోనే చెప్తాను. కార్డులు మారినా పద్ధతి మారదు.

ఆటకు కొత్తవాళ్ళకు రెండు ముక్కల్లో: డెక్ 60 కార్డులు, పక్కన విడిగా ఉంచుకునే సైడ్‌బోర్డ్ 15, సున్నాకు దించాల్సిన ఎదుటివాడి లైఫ్ 20. ల్యాండ్ కార్డులు మనా అనే శక్తిని ఇస్తాయి, ఆ మనా కట్టి వేసే మిగతా కార్డులే స్పెల్స్. మామూలు డెక్ ఆ 20ని రోజుకింత అన్నట్టు కొరుక్కుంటూ పోతుంది. కాంబో డెక్ అలా కాదు, రెండు మూడు టర్నులు ఏమీ చేయనట్టు కూర్చుని ఒకే టర్నులో మొత్తం కట్టేస్తుంది. రమ్మీ ఆడినవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది, షో పెట్టేదాకా మన చేతిలో ఏముందో ఎవరికీ తెలియదు. స్టార్మ్ అనే మాట కార్డు మీద ఉంటే, ఆ టర్నులో దానికి ముందు ఎన్ని స్పెల్స్ పడ్డాయో అన్ని కాపీలు అదనంగా పుడతాయి. మన ఆయుధం గ్రేప్‌షాట్, రెండు మనాకు 1 డ్యామేజీ, అంతే. కానీ ముందు ఎనిమిది స్పెల్స్ వేసి ఉంటే అదే కార్డు 9 కొడుతుంది.

ఈ డెక్‌కు ప్రాణం రూబీ మెడాలియన్, రాల్ మాన్సూన్ మేజ్. రెండూ స్పెల్ ఖరీదును ఒక మనా తగ్గిస్తాయి. పైరెటిక్ రిచువల్, డెస్పరేట్ రిచువల్ రెండూ రెండు మనా తీసుకుని మూడు ఇస్తాయి, అంటే లాభం ఒకటే. మెడాలియన్ టేబుల్ మీద ఉంటే ఒకటి తీసుకుని మూడు ఇస్తాయి, లాభం రెండు. మనామార్ఫోస్ మామూలుగా రెండు తీసుకుని రెండే ఇచ్చి ఒక కార్డు లాగిస్తుంది, మెడాలియన్‌తో అదీ ఒక మనా మిగుల్చుతుంది. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. రెండో మెడాలియన్ దిగినా రిచువల్ ఖరీదు ఒకటికంటే తగ్గదు, ఎందుకంటే అందులో ఒకటి ఎర్ర మనాగానే కట్టాలి. రెండోది పనికొచ్చేది పాస్ట్ ఇన్ ఫ్లేమ్స్, విష్ లాంటి పెద్ద ఖరీదు కార్డులకు.

రాల్ విషయంలో కొంచెం జాగ్రత్త కావాలి. అది క్రియేచర్, అంటే టేబుల్ మీద నిలిచి పోరాడే కార్డు, లైట్నింగ్ బోల్ట్ లాంటి డ్యామేజీ కార్డు తగిలితే పోతుంది. మీ టర్నులో ఇన్‌స్టంట్ గానీ సార్సరీ గానీ (ఒకసారి పనిచేసి పక్కకు పోయే స్పెల్స్) వేసిన ప్రతిసారీ నాణెం ఎగరేయాలి, ఓడితే మీకే 1 డ్యామేజీ, గెలిస్తే కావాలనుకుంటే రాల్‌ను ప్లేన్స్‌వాకర్ అనే ఇంకో రకం కార్డుగా తిప్పుకోవచ్చు. తిప్పగానే ఆ తగ్గింపు పోతుంది, దాని ప్లస్ ఒకటి అనే సామర్థ్యం వాడితేనే మళ్ళీ వస్తుంది. ఈ చిన్న సంగతి తెలియక మధ్యలో మనా చాలక ఆగిపోయినవాళ్ళను చూశాను. నాణెం గెలిచామన్న సంతోషంలో తిప్పేయకండి, తిప్పితే మిగతా లెక్క నిలబడుతుందా అని ముందు చూసుకోండి.

ఇక మొదటి ఏడు కార్డులు. నాలుగు మెడాలియన్లు, నాలుగు రాల్‌లు కలిపి ఎనిమిది అనుకుంటే, మొదటి ఏడింటిలో కనీసం ఒకటి వచ్చే అవకాశం దాదాపు 65 శాతం. రాలేదని మలిగన్ చేసి, అంటే ఆ ఏడూ వెనక్కి కలిపేసి, ఇంకో ఏడు చూస్తే, రెండు ప్రయత్నాల్లో ఒకసారైనా కనిపించే అవకాశం 88 శాతం దాకా వెళ్తుంది. ఇప్పటి రూల్ ప్రకారం మలిగన్‌లో మళ్ళీ ఏడూ చూసి ఒకటి డెక్ అడుగున పెడతాం కాబట్టి నష్టం అనుకున్నంత ఉండదు. రమ్మీలో చెత్త ముక్కలు వస్తే ఫుల్ కౌంట్ దాకా లాగకుండా మొదట్లోనే డ్రాప్ అయ్యేవాడే తెలివైనవాడు కదా, ఇక్కడా అంతే. నాలుగు రిచువల్స్, మూడు ల్యాండ్స్ చేతిలో ఉంటే చూడటానికి ముచ్చటగా ఉంటుంది గానీ దాంతో ఎక్కడికీ పోలేం. రెండు ల్యాండ్స్, ఒక మెడాలియన్, ఒక రెక్‌లెస్ ఇంపల్స్ (ఇంకో రెండు కార్డులు తీసి ఇచ్చేది), ఒక రిచువల్, మిగతావి ఏవైనా సరే, నేను కళ్ళు మూసుకుని ఉంచుకుంటాను.

ఇప్పుడు అసలు లెక్క. దీన్ని చదివి వదిలేయకండి, పక్కన కార్డులు పెట్టుకుని చేతితో చేయండి. మేము మనా లెక్కకు శెనక్కాయ గింజలు వాడతాం, ఒక గింజ ఒక మనా, కట్టినప్పుడు తీయాలి, వచ్చినప్పుడు పెట్టాలి. మా జిల్లాలో వాటికి కొదవ లేదు. స్టార్మ్ కౌంట్ మాత్రం కాగితం మీద గీతలుగా.

మీరే ముందు ఆడుతున్నారు, మూడో టర్ను. రెండో టర్నులో దించిన మెడాలియన్ ఉంది, మూడు ల్యాండ్స్ ఉన్నాయి. చేతిలో మిగిలినవి ఐదే కార్డులు: పైరెటిక్ రిచువల్, డెస్పరేట్ రిచువల్, మనామార్ఫోస్, పాస్ట్ ఇన్ ఫ్లేమ్స్, విష్. గింజలు మూడు పెట్టండి. పైరెటిక్ వేస్తే ఒకటి పోయి మూడు వస్తాయి, ఐదు. డెస్పరేట్ వేస్తే ఏడు. మనామార్ఫోస్ వేస్తే ఎనిమిది, ఒక కార్డు కూడా లాగారు. ఇప్పటికి మూడు స్పెల్స్. నాలుగోది పాస్ట్ ఇన్ ఫ్లేమ్స్, మెడాలియన్ తగ్గింపుతో మూడు మనా, గింజలు ఐదుకు దిగాయి. అది గ్రేవ్‌యార్డ్‌లోని (వాడేసిన కార్డుల కుప్పలోని) ఇన్‌స్టంట్లు, సార్సరీలన్నిటికీ ఆ టర్ను వరకు ఫ్లాష్‌బ్యాక్ ఇస్తుంది, అంటే వేసేసినవన్నీ ఇంకోసారి. పైరెటిక్ మళ్ళీ, ఏడు. డెస్పరేట్ మళ్ళీ, తొమ్మిది. మనామార్ఫోస్ మళ్ళీ, పది, ఇంకో కార్డు. ఏడు స్పెల్స్ అయ్యాయి. విష్ రెండు మనా, ఎనిమిది మిగిలాయి, దాంతో సైడ్‌బోర్డ్ నుంచి గ్రేప్‌షాట్ తీసి ఒక మనా కట్టి వేస్తే అది తొమ్మిదో స్పెల్. ముందు ఎనిమిది పడ్డాయి కాబట్టి ఎనిమిది కాపీలు, అసలుది ఒకటి, మొత్తం 9. ఏడు గింజలు ఇంకా ఉన్నాయి.

ఇక్కడే నేను నా మొదటి టోర్నమెంట్‌లో దెబ్బ తిన్నాను. సరిగ్గా ఈ చోటే 9 కొట్టి, అయిపోయింది అనుకుని, ఏడు మనా చేతిలో ఉండగానే టర్ను ఇచ్చేశాను, ఎదుటి అబ్బాయి తర్వాతి టర్నులో నన్ను ముగించాడు. రైల్లో తిరిగి వస్తూ కార్డు మళ్ళీ చదివితే అప్పుడు తట్టింది, పాస్ట్ ఇన్ ఫ్లేమ్స్ చేతిలోంచి వేశాక అదీ గ్రేవ్‌యార్డ్‌లోకే పోతుంది, దానికి సొంత ఫ్లాష్‌బ్యాక్ ఉంది, ఐదు మనా, మెడాలియన్‌తో నాలుగు. ఏడులోంచి నాలుగు తీయండి, మూడు మిగిలాయి, పదో స్పెల్ అయింది. ఇందాక వేసిన గ్రేప్‌షాట్ గ్రేవ్‌యార్డ్‌లోనే ఉంది కాబట్టి దానికిప్పుడు ఫ్లాష్‌బ్యాక్ వచ్చింది. ఒక మనా కట్టి వేయండి. పదకొండో స్పెల్, 11 డ్యామేజీ. 9, 11 కలిపితే సరిగ్గా 20. మనామార్ఫోస్ లాగిన రెండు కార్డులను ముట్టుకోనే లేదు, రెండు గింజలు ఇంకా టేబుల్ మీదే ఉన్నాయి. అందుకే చెప్తున్నా, మొదటి రిచువల్ వేయకముందే ఆఖరి గ్రేప్‌షాట్ దాకా మనసులో నడిచి రండి, ఎక్కడ ఆగుతారో అక్కడ ఏ కార్డు కావాలో తెలుస్తుంది.

ఎదుటివాడు ఊరికే చూస్తూ కూర్చోడు. అందరూ కౌంటర్ చేయాలని, అంటే పనిచేయకముందే ఆపేయాలని, చూసేది పాస్ట్ ఇన్ ఫ్లేమ్స్‌నే. కానీ చేతిలోంచి వేసినది కౌంటర్ అయితే గ్రేవ్‌యార్డ్‌లోకే కదా పోయేది. పై లెక్కలో అప్పుడు మీ దగ్గర ఐదు మనా ఉన్నాయి, నాలుగు కట్టి మళ్ళీ వేయండి, ఒకటి మిగులుతుంది. ఆ ఒక్కదానితో పైరెటిక్, డెస్పరేట్, మనామార్ఫోస్ తిరగేస్తే ఆరు, విష్ వేస్తే నాలుగు. కౌంటర్ అయిన స్పెల్ కూడా వేసినట్టే లెక్క కాబట్టి ఇప్పటికి తొమ్మిది పడ్డాయి. గ్రేప్‌షాట్ తీస్తే 10 డ్యామేజీయే వస్తుంది. దాని బదులు స్టార్మ్ ఉన్న ఎంప్టీ ద వారెన్స్ తీయండి, తగ్గింపుతో మూడు మనా, ఒక్కోదానికి రెండు గోబ్లిన్లు, అసలుది, తొమ్మిది కాపీలు కలిపి 20 గోబ్లిన్లు. వాటిని ఒకేసారి తుడిచిపెట్టే కార్డు అతని దగ్గర లేకపోతే తర్వాతి టర్ను మీదే. నాకు ఈ డెక్ మీద ప్రేమ పుట్టింది సరిగ్గా ఇలాంటి మలుపుల వల్లే.

గ్రేప్‌షాట్‌ను మామూలు కౌంటర్‌తో ఆపితే అసలుది ఒకటే ఆగుతుంది, కాపీలన్నీ పడతాయి. కన్‌సైన్ టు మెమరీ అనే నీలం కార్డు మాత్రం వేరు. అది స్టార్మ్ ట్రిగ్గర్‌నే ఆపేస్తుంది, కాపీలు పుట్టనే పుట్టవు. పైగా రంగులేని స్పెల్‌ను కూడా ఆపుతుంది కాబట్టి మెడాలియన్‌కూ ప్రమాదమే. ఎదుటివాడు నీలం ఆడుతూ ఒక్క ల్యాండ్ ఖాళీగా ఉంచినా దీన్ని గుర్తుపెట్టుకోండి. సర్జికల్ ఎక్స్‌ట్రాక్షన్ మనా లేకుండా రెండు లైఫ్ కట్టి కూడా వేయొచ్చు, కాబట్టి అతని ల్యాండ్స్ అన్నీ వాడేసినా నిశ్చింతగా ఉండకూడదు. అది ఒకే పేరు ఉన్న కార్డులను మాత్రమే తీసేస్తుంది, అందుకే గ్రేవ్‌యార్డ్‌లో రెండు పైరెటిక్‌ల కంటే ఒక పైరెటిక్, ఒక డెస్పరేట్ ఉండటం మేలు. లేలైన్ ఆఫ్ ద వాయిడ్ ఉంటే గ్రేవ్‌యార్డ్ లేదనుకోండి, పాస్ట్ ఇన్ ఫ్లేమ్స్ పక్కనపెట్టి గోబ్లిన్ల దారి చూడండి. డ్యాంపింగ్ స్ఫియర్ ఉంటే రెండో స్పెల్ నుంచి ఖరీదు పెరుగుతూ పోతుంది, దాన్ని పగలగొట్టే కార్డు ఒకటి సైడ్‌బోర్డ్‌లో విష్ కోసం ఉంచుకోవాలి.

ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది అన్నిటికంటే కష్టం. వేగంగా కొట్టే డెక్ ఎదురైతే, తర్వాతి టర్ను మనకు ఉండదని తెలిసినప్పుడు, లెక్క పూర్తిగా కుదరకపోయినా ఇంపల్స్ మీద, మనామార్ఫోస్ మీద ఆశపెట్టుకుని దిగాల్సిందే. నీలం కంట్రోల్ డెక్ ఎదురైతే తొందర వద్దు, ప్రతి టర్నులో ఒక ల్యాండ్ పెట్టుకుంటూ పోండి, మీకు ఐదు ల్యాండ్స్ అయ్యేసరికి ఒక కౌంటర్ తట్టుకునే బలం వస్తుంది. ఎదుటివాడు తన టర్నులో పెద్ద కార్డు కోసం ల్యాండ్స్ అన్నీ వాడేస్తే అదే ముహూర్తం. రెక్‌లెస్ ఇంపల్స్ తీసిన రెండు కార్డులు మన తర్వాతి టర్ను చివరిదాకా ఆడుకోవచ్చు, కాబట్టి మెడాలియన్ రాని రెండో టర్నులో దాన్ని వేసి పెట్టుకోవడం మంచి పని. ఆ కార్డులను చేతిలో కలపకండి, పక్కన విడిగా పెట్టండి.

డెస్పరేట్ రిచువల్‌కు స్ప్లైస్ ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. చేతిలో రెండు ఉంటే ఒకదానికి రెండోది చూపించి అతికించవచ్చు, మెడాలియన్‌తో మూడు మనా కడితే ఆరు వస్తాయి, రెండో కార్డు చేతిలోనే ఉంటుంది, తర్వాత దాన్ని విడిగా వేస్తే ఇంకో రెండు లాభం. విడివిడిగా వేస్తే లాభం నాలుగు, ఇలా అయితే ఐదు. స్టార్మ్ కౌంట్ రెండు విధాలా రెండే.

ప్రాక్టీసుకు కార్డులు కొనాల్సిన పని లేదు, పాత కార్డుల మీద కాగితం ముక్క పెట్టి పేరు రాసి స్లీవ్‌లో తోస్తే చాలు. గుర్తింపు ఉన్న టోర్నమెంట్‌లో మాత్రం అవి చెల్లవు, అసలువే ఉండాలి, కాబట్టి డెక్ మీకు నచ్చిందని తేలాకే డబ్బు పెట్టండి. కంప్యూటర్‌లో ఆడే అరెనాలో ఈ డెక్ నడిచే మోడర్న్ ఫార్మాట్ లేదు, మ్యాజిక్ ఆన్‌లైన్‌లో ఉంది, కానీ అక్కడ స్టార్మ్ కౌంట్ కంప్యూటరే చూసుకుంటుంది, దానికి అలవాటుపడితే చేతి ఆటలో తడబడతాం. నేను రోజూ రాత్రి ఒంటరిగా పది హ్యాండ్స్ ఆడతాను, ఎదురుగా ఎవరూ లేనట్టు, ఎన్నో టర్నులో ముగిసిందో నోట్‌బుక్‌లో రాస్తాను, ఆగిపోతే ఏ కార్డు దగ్గర ఆగిందో కూడా రాస్తాను.

టోర్నమెంట్‌లో రౌండ్‌కు మామూలుగా 50 నిమిషాలు, మూడు గేమ్‌ల్లో రెండు గెలవాలి. మన టర్ను సహజంగానే పొడుగు, ఆలోచిస్తూ కూర్చుంటే స్లో ప్లే అని జడ్జి హెచ్చరిస్తారు. అందుకే ఆలోచన అంతా ఎదుటివాడి టర్నులోనే చేసుకోండి. మనా ఎంత ఉందో, ఎన్నో స్పెల్ వేస్తున్నారో ప్రతిసారీ పైకి చెప్పండి, ఎదుటివాడికి అనుమానం రాదు, మీకూ టెన్షన్ తగ్గుతుంది. మనా టర్నులో ఒక ఫేజ్ (భాగం) నుంచి ఇంకో ఫేజ్‌కు నిలవదు, కాబట్టి మొత్తం ఒకే మెయిన్ ఫేజ్‌లో ముగించాలి. గింజలు బెంగళూరు దాకా అక్కర్లేదు, పదిహేను గాజు పూసలు, ఒక ఇరవై ముఖాల డైస్, ఒక చిన్న నోట్‌ప్యాడ్, పెన్ను, రాల్ కోసం ఒక నాణెం డెక్ బాక్సులోనే ముందు రోజు రాత్రి పెట్టేసుకోండి.